పుట్టు గడియను ఎవరు నిర్ణయింపవలెను?

నెలలు నిండిన గర్భిణి యున్న ఇంటిలో ఒక ప్రశ్న తప్పక వినవచ్చును: "కాన్పు ఏనాడు?" పూర్వము ఈ ప్రశ్నకు సమాధానము ఎవరి చేతిలోను లేకుండెను. నొప్పులు వచ్చిన నాడే కాన్పు. నేడు సమాధానము చెప్పువారు పలువురు కలరు. పంచాంగము చూచి తాతగారు ఒక తిథిని చెప్పుదురు. సెలవు దొరకు దినములను లెక్కించి భర్త మరియొక తేదీని చెప్పును. తొమ్మిదవ నెల భారముతో అలసిన గర్భిణి ఎంత త్వరగా అయిన అంత మేలని తలచును. ఆస్పత్రిలో పడకలు, వైద్యుల సౌకర్యము మొదలగు వానిని బట్టి ఇంకొక దినము సూచింపబడవచ్చును. ఇందరి మాటలు విన్న పిమ్మట కాన్పు దినము నిశ్చయమగుచున్నది. పుట్టబోవు శిశువు మాటను మాత్రము ఎవరును అడుగరు.

అడిగిన మాత్రమున శిశువు చెప్పగలదా యని కొందరు నవ్వవచ్చును. కాని శిశువు చెప్పుచునే యున్నది. దాని భాష రక్తములో ప్రవహించు కొన్ని సూక్ష్మ ద్రవ్యముల భాష. వీనిని హార్మోనులందురు. శరీరమునకు కష్టము కలిగినపుడు అధికముగా స్రవించుటచే వీనిలో కొన్నిటికి ఒత్తిడి హార్మోనులు అను పేరు వచ్చినది. ప్రసవవేళ శిశువు రక్తములో ఇవి మిక్కిలిగా పెరుగును. పేరు విని ఇవి శిశువునకు శత్రువులని భయపడువారు కలరు. నిజమునకు ఇవి దాని తొలి శ్వాసకు జరుగు ఏర్పాటు.

ఈ సత్యమును తెలిసికొన్నపుడు రెండు కర్తవ్యములు స్పష్టమగును. తగిన వైద్యకారణము లేనపుడు నొప్పులు తమంతట వచ్చువరకు ఓర్పుతో వేచియుండవలెను. కారణమున్నపుడు మందుతో నొప్పులు తెప్పించుటకు వెనుదీయరాదు. ఈ రెండింటిలో ఏ యొక్కదానిని విడిచినను రెండవది అర్ధసత్యముగా మిగిలిపోవును.

నొప్పులకు పిలుపు ఎవరిది?

నొప్పులు తల్లి శరీరమునుండియే పుట్టునని లోకము చిరకాలము నమ్మినది. 1933లో ఇంగ్లండునందలి లివర్‌పూల్ నగరమున మాల్పస్ అను వైద్యుడు ఒక వింతను గమనించి వ్రాసెను. మెదడు సరిగా ఏర్పడని శిశువును మోయుచున్న తల్లులలో కొందరికి నెలలు దాటినను నొప్పులు రాకుండెను. కావున నొప్పులు మొదలగుటలో శిశువు మెదడునకును, దానితో సంబంధముగల గ్రంథులకును పాత్ర యుండవలెనని అతడు ఊహించెను.

ఈ ఊహను పరీక్షకు తెచ్చినవాడు న్యూజీలాండు దేశస్థుడగు గ్రాహం లిగ్గిన్స్. ఆక్లండు నగరమున 1960వ దశకములో అతడు గొఱ్ఱెలపై ప్రయోగములు చేసెను. గర్భములోని గొఱ్ఱెపిల్లకు మెదడు క్రింద నుండు పిట్యూటరీ గ్రంథిని నశింపజేసిన, తల్లికి కాన్పు సమయము దాటినను నొప్పులు రాలేదు. అదే పిల్లకు కార్టిసాల్ జాతి హార్మోనును ఎక్కించిన, నెలలు నిండకయే కాన్పు జరిగెను. ఆ విధముగా ముందుగా పుట్టిన పిల్లలు చనిపోవలసియుండగా, కొన్ని ఊపిరి పీల్చుచుండుట చూచి అతడు ఆశ్చర్యపడెను. కార్టిసాల్ నొప్పులకు పిలుపు నిచ్చుటయే గాక ఊపిరితిత్తులను పక్వము చేయుచున్నదని అతడు గ్రహించి, ఈ విషయమును 1969లో ప్రకటించెను. హౌవీ అను శిశువైద్యునితో కలిసి 282 మంది తల్లులపై జరిపిన పరిశీలనను 1972లో వెలువరించెను. నెలలు నిండక పుట్టిన శిశువులలో శ్వాసబాధ, తల్లికి మందు ఇయ్యనిచోట నూటికి 25.8 మందికి రాగా, ఇచ్చినచోట 9 మందికి మాత్రమే వచ్చెను. నేడు నెలలు నిండకముందే కాన్పు కానున్న తల్లులకు ఇచ్చు సూదిమందు ఆ పరిశీలన ఫలమే.

మానవులలో ఈ ఏర్పాటు గొఱ్ఱెలలో వలె అంత సూటిగా లేదు. శిశువు గ్రంథులు, మాయ, తల్లి శరీరము ఈ మూడును కలిసి గడియను నిర్ణయించుచున్నవి. మాయ స్రవించు ఒక హార్మోను గర్భకాలమంతయు పెరుగుచు గడియారమువలె పనిచేయునని 1995లో ఆస్ట్రేలియా దేశమందలి న్యూకాసిల్ నగర పరిశోధకులు ప్రకటించిరి. ఏది ఎట్లున్నను ఒక్క మాట నిశ్చయము. తమంతట వచ్చు నొప్పులు ఆ నాటి ఉదయమున మొదలైనవి కావు. వారముల తరబడి శిశువు లోపల జరిగిన సన్నాహమునకు అవి ముగింపు.

ఒత్తిడి యొక్క ప్రయోజనము

నొప్పి వచ్చినపుడు గర్భాశయము బిగియును. మాయకు రక్తము తెచ్చు నాళములు కొంతసేపు నొక్కుకొనిపోవును. శిశువునకు ప్రాణవాయువు కొంచెము తగ్గును. తలపై ఒత్తిడి కలుగును. అప్పుడు శిశువు మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ అను హార్మోనులను రక్తములోనికి విడుచును. నొప్పి సడలగానే మాయకు మరల రక్తము వచ్చును. శిశువు సేద తీరును. చెరువులో మునిగి లేచు ఈతగాడు ఊపిరి బిగబట్టి, పైకివచ్చి గాలి పీల్చి, మరల మునుగునట్లు శిశువు ఈ ప్రయాణమును సాగించును.

ఈ హార్మోనుల ప్రభావమును స్వీడను దేశపు రాజధానియగు స్టాక్‌హోములో హ్యూగో లాగర్‌క్రాంట్స్ అను శిశువైద్యుడు దీర్ఘకాలము పరిశోధించెను. అమెరికా శాస్త్రజ్ఞుడు స్లాట్‌కిన్‌తో కలిసి 1986లో సామాన్య పాఠకులకై ఒక వ్యాసమును ప్రకటించెను. పుట్టిన క్షణమున శిశువు రక్తములో నుండు ఈ హార్మోనుల పరిమాణము, తీవ్రమైన ఆయాసమునకు లోనైన పెద్దవారిలో కానవచ్చు పరిమాణమును మించియుండునని వారు తెలిపిరి. పెద్దవారికి ఇంతటి పరిమాణము ప్రమాదకరము. శిశువునకు అట్లు కాదు. దాని రక్తము గుండెకును మెదడునకును మరలింపబడును. కాలేయములో దాచుకొన్న చక్కెర వెలువడి, తల్లిపాలు సమృద్ధిగా వచ్చువరకు శిశువును పోషించును. మెడక్రింద, భుజముల నడుమ నుండు ప్రత్యేకమైన కొవ్వు కరగి వేడిని పుట్టించును. పుట్టిన తొలి గంటలో శిశువు కన్నులు విప్పి తల్లి ముఖమును చూచుటకు కావలసిన మెలకువకు సైతము ఈ హార్మోనులు సాయపడును.

అన్నిటికంటె ముఖ్యమైనది శ్వాస. గర్భములో శిశువు ఊపిరితిత్తులు గాలితో గాక ద్రవముతో నిండియుండును. ఇది శిశువు మ్రింగిన ఉమ్మనీరు కాదు. ఊపిరితిత్తులు తామే స్రవించినది. శిశువు బరువులో కిలోగ్రామునకు సుమారు 20 నుండి 30 మిల్లీలీటర్ల ద్రవము ఉండును. పుట్టిన కొన్ని నిమిషములలో ఈ ద్రవము తొలగి, ఆ చోటికి గాలి రావలెను. కాన్పుమార్గములో రొమ్ము నొక్కుకొనుటచే, తడిబట్టను పిండినట్లు ఈ ద్రవము బయటికి పోవునని పాత గ్రంథములలో వ్రాసియుండెను. అట్లు పోవునది కొంత మాత్రమే. 1983లో లండను పరిశోధకులు గొఱ్ఱెపిల్లలలో చూపినదేమనగా, అడ్రినలిన్ తగిలినంతనే ఊపిరితిత్తుల లోపలి పొర ద్రవమును స్రవించుట మాని, ఉన్న ద్రవమును తానే పీల్చుకొన నారంభించును. ఉప్పులోని సోడియము ఆ పొరలోని సూక్ష్మద్వారముల గుండా రక్తమువైపు సాగును. నీరు దాని వెంట పోవును. నెలలు నిండుకొలది ఈ ద్వారములు బాగుగా పనిచేయును. నొప్పులు వానిని తెరచును. కాన్పునకు ముందు గంటలలోనే శిశువు తన తొలి శ్వాసకు ఇల్లు ఊడ్చి సిద్ధము చేసికొనుచున్నదని చెప్పవచ్చును.

కొలతలు తెలుపునదేమి?

బొడ్డుత్రాడు కోసినపుడు అందలి రక్తమును తీసి పరీక్షించిన ఈ హార్మోనుల పరిమాణము తెలియును. నొప్పులే లేకుండ ముందుగా నిర్ణయించిన సిజేరియన్ శస్త్రచికిత్సతో పుట్టిన శిశువులలో అడ్రినలిన్ జాతి హార్మోనులు తక్కువగా నుండును. నొప్పులు పడి సహజమార్గమున పుట్టినవారిలో అవి పలురెట్లు ఎక్కువ. నొప్పులు మొదలైన పిదప అవసరము కలిగి శస్త్రచికిత్స చేసినచోట శిశువునకు ఈ మేలు కొంతవరకు దక్కియే యుండును.

మందుతో నొప్పులు తెప్పించినపుడు ఏమి జరుగును? ఇచట రెండు హార్మోనులను వేరువేరుగా చూడవలెను. కార్టిసాల్ మెల్లగా, దినములు వారములు గడచుకొలది పెరుగునది. 1973లో కెనడా దేశమందలి మాంట్రియల్ నగరమున బెవర్లీ మర్ఫీ అను శాస్త్రజ్ఞురాలు బొడ్డుత్రాడు రక్తమును పరీక్షించి, నొప్పులు స్వయముగా వచ్చిన శిశువులలో కార్టిసాల్ ఎక్కువగాను, మందుతో నొప్పులు తెప్పించిన వారిలో తక్కువగాను ఉన్నదని తెలిపెను. కాయ పండు కాకముందే కొమ్మను వంచిన, చెట్టు చేయవలసిన చివరి పని మిగిలిపోవును గదా. అడ్రినలిన్ అట్లు కాదు. అది నొప్పుల వెంట వచ్చునది. నొప్పులు ఎట్లు మొదలైనను, అవి బలపడిన పిదప శిశువు దానిని స్రవించును. కాబట్టి మందు నొప్పులతో పుట్టిన శిశువును, నొప్పులనే ఎరుగక పుట్టిన శిశువుతో సమానముగా చూచుట పొరపాటు.

ఇంకొక హెచ్చరిక అవసరము. హార్మోను అధికముగా నున్నంత మాత్రమున మేలని తలపరాదు. ప్రాణవాయువు నిజముగా కరవై శిశువు ఉక్కిరిబిక్కిరి అయినపుడు ఈ హార్మోనులు ఇంకను పెరుగును. మితమైన ఒత్తిడి సన్నాహము. మితిమీరిన ఒత్తిడి ఆపద. ఒక్క అంకెను చూచి ఈ రెండింటిని వేరు చేయలేము. శిశువు గుండెచప్పుడు, నొప్పుల నడుమ విరామము, ఉమ్మనీటి వన్నె, నిండిన వారముల సంఖ్య, వీనినన్నిటిని కలిపి చూడవలెను.

నిండిన వారములకు గల విలువను డెన్మార్కు దేశపు వైద్యులు 2008లో ప్రకటించిన లెక్క చక్కగా చూపును. 34 వేలకు పైగా జననములను వారు పరిశీలించిరి. నొప్పులు రాకముందే 37వ వారమున శస్త్రచికిత్సతో పుట్టిన శిశువులలో నూటికి 10 మందికి శ్వాసబాధ కలిగెను. అదే వారమున సహజ ప్రసవమును ఉద్దేశించినవారిలో అది 2.8 మాత్రమే. 38వ వారమున ఈ అంకెలు 5.1, 1.7. 39వ వారమున 2.1, 1.1. అనగా రెండు వారములు ఆగుటచేతనే శస్త్రచికిత్స శిశువులలో ఈ బాధ అయిదింట ఒక వంతునకు దిగినది. శ్వాసబాధ కలిగిన శిశువులలో పలువురు కోలుకొందురు. కాని తల్లి యొడిలో నుండవలసిన శిశువు గాజుపెట్టెలో నుండుటయు, తొలిపాలు ఆలస్యమగుటయు, ఆస్పత్రి వ్యయము పెరుగుటయు ఏ కుటుంబమునకును చిన్న విషయములు కావు.

తెగునంతవరకు లాగరాదు

నొప్పులు తెప్పించు మందు వైద్యశాస్త్రమునకు గర్వకారణమైనదే. పిట్యూటరీ గ్రంథి సారమునకు గర్భాశయమును బిగియించు శక్తి కలదని హెన్రీ డేల్ 1906లో కనుగొనెను. ఆ సారములోని ఆక్సిటోసిన్‌ను విన్సెంట్ దువిన్యో 1953లో ప్రయోగశాలలో తయారుచేసెను. 1955లో అతనికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ప్రోస్టాగ్లాండిన్ అను మరియొక మందుతో నొప్పులు తెప్పించిన తొలి ఫలితములు 1968లో ఆఫ్రికాలోని ఉగాండా దేశపు కంపాలా నగరమునుండి వెలువడెను. ఈ మందుల వలన ప్రాణములు నిలిచిన తల్లులు, బిడ్డలు లెక్కకు మిక్కిలి.

దోషము మందుది కాదు. దానిని వాడు తీరుది. సహజమైన నొప్పుల నడుమ శిశువు సేదతీరు విరామముండును. మందు మితిమీరిన ఆ విరామము కరగిపోవును. పది నిమిషములలో అయిదుకంటె ఎక్కువ నొప్పులు వచ్చుట ప్రమాదసూచకమని వైద్యులు నిర్ణయించిరి. ఈతగానిని పైకి రానీయక నీటిలో అదిమిపట్టిన ఏమగునో అట్టి స్థితిలో శిశువు నలిగిపోవును. అందువలననే ఆస్పత్రిలో ఈ మందును సెలైనులో కలిపి చుక్కచుక్కగా ఎక్కింతురు. శిశువు గుండె తడబడిన వెంటనే చుక్కలను ఆపివేయుదురు.

కండలో పొడిచిన సూదిమందును అట్లు వెనుకకు తీయుటకు వీలులేదు. నొప్పులు బలపడుటకని ఇండ్లలో, శిక్షణలేని చేతులతో ఆక్సిటోసిన్ సూదులు వేయుచున్న దురాచారమును ఉత్తరప్రదేశ్ గ్రామములలో పరిశోధకులు గమనించి, 2007లో వ్రాసిరి. కాన్పు త్వరగా అయినదని ఇంటివారు సంతోషింతురు. గర్భాశయము చిరుగుటయు, శిశువు మెదడునకు ప్రాణవాయువు అందకపోవుటయు ఆ త్వరకు మూల్యముగా చెల్లింపవలసి రావచ్చును. బిడ్డ పుట్టిన పిమ్మట రక్తస్రావము నివారించుటకై తల్లికి ఇదే మందును 10 యూనిట్ల మోతాదులో సూదిగా ఇచ్చుట ప్రపంచ ఆరోగ్యసంస్థ సిఫారసు చేసిన ప్రాణరక్షకమైన పద్ధతి. బిడ్డ పుట్టకముందు ఇంటిలో వేసిన సూది, బిడ్డ పుట్టిన పిదప ఇచ్చు సూది, రెండును ఒకే సీసాలోనివైనను వాని ఫలితములు వేరు. ఈ భేదమును ప్రతి గ్రామము తెలిసికొనవలెను.

ఆలస్యమును విషమే

నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పిరి. ఆలస్యమున అమృతమును విషమగునని చెప్పినవారును వారే. ప్రసవ విషయమున ఈ రెండు సామెతలకును చోటు కలదు.

తల్లికి రక్తపుపోటు పెరిగి గుర్రపువాతము భయము కలిగినపుడు, మధుమేహము అదుపుతప్పినపుడు, ఉమ్మనీటి సంచి చిట్లి గంటలు గడచినను నొప్పులు రానపుడు, గర్భములో శిశువు ఎదుగుదల ఆగినపుడు, సమయము మిక్కిలి దాటినపుడు వేచియుండుట ఓర్పు అనిపించుకొనదు. అట్టిచోట మాయ పోషింపజాలని శిశువును లోపలనే యుంచుట దానికి అపకారము. 2019లో స్వీడను దేశమున 2,760 మంది స్త్రీలతో జరిపిన పరిశీలనను మధ్యలోనే ఆపవలసివచ్చెను. 41 వారములు నిండగానే నొప్పులు తెప్పించినవారిలో శిశుమరణమేదియు లేకుండెను. 42వ వారము నిండువరకు వేచియున్నవారిలో ఆరుగురు శిశువులు మరణించిరి. 41 వారములు నిండినపుడు నొప్పులు తెప్పించుట మంచిదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఏ చిక్కును లేని గర్భమునకు అంతకుముందే తెప్పించుటను అది సిఫారసు చేయదు.

దీనికి ప్రతిగా వైద్యులలో కొందరు అమెరికాలో 2018లో వెలువడిన ఒక పరిశీలనను చూపుదురు. తొలిచూలు గర్భిణులు 6,106 మందితో అది జరిగెను. 39వ వారముననే నొప్పులు తెప్పించినవారిలో సిజేరియన్లు నూటికి 18.6, వేచియున్నవారిలో 22.2. శిశువులకు అదనముగా కీడేమియు కలుగలేదు. ఈ ఫలితమును దాచుట న్యాయము కాదు. మందుతో వచ్చిన నొప్పులు సహజముగా శిశువునకు హానికరములను మాట నిలువదని అది తెలుపుచున్నది. అయితే ఆ ఆస్పత్రులలో గర్భిణుల వారములు నిశ్చయముగా లెక్కింపబడినవి. శిశువు గుండెను కనిపెట్టు ఏర్పాట్లు కలవు. గర్భాశయ ముఖద్వారము పక్వము కాని స్త్రీలకు తగినంత వ్యవధి యిచ్చి ఓర్చుకొన్నారు. మన దేశమున చివరి ముట్టు తేదీ గుర్తులేని గర్భిణులు పలువురు. తొలి నెలలలో స్కానింగు చేయించుకొననిచో 39 అనుకొన్నది 37 కావచ్చును. 37వ వారమునకు గల మూల్యమేమో డెన్మార్కు లెక్క చెప్పుచునే యున్నది. ఒక దేశపు తేదీని తెచ్చుకొని, ఆ దేశపు జాగ్రత్తను అక్కడనే విడిచివచ్చుట వివేకము కాదు.

మన యిండ్లలో జరుగుచున్నది

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము భారతదేశమున నూటికి 88.6 కాన్పులు ఆస్పత్రులలో జరిగెను. ఇది హర్షింపదగిన విషయము. అదే సర్వేలో సిజేరియన్ కాన్పులు దేశమంతటను నూటికి 21.5 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రులలో 81.5. జనసంఖ్యలో ఈ శస్త్రచికిత్సలు నూటికి పదిని మించినపుడు తల్లుల, శిశువుల మరణములు అదనముగా తగ్గుట లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో ప్రకటించినది. తెలుగునాట తల్లుల శరీరములు ఇతర రాష్ట్రములవారి కంటె అంత భిన్నమైనవా? కావు. భిన్నమైనవి అలవాట్లు.

ఆ అలవాట్లలో ముహూర్తపు కాన్పు ఒకటి. ఇచట విశ్వాసమును నిందించుట ఉద్దేశము కాదు. కాని ఒక్క సంగతి ఆలోచింపదగినది. జాతకమనునది శిశువు పుట్టిన గడియను చూచి వ్రాయునది. ముందు జాతకము వ్రాసికొని, దానికి సరిపడునట్లు శిశువును బయటికి తీయుట పూర్వులు ఎరిగిన శాస్త్రము కాదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు మంచి లగ్నమున్నదని, ఇంకను సిద్ధపడని శిశువును తొందరపెట్టినచో, గ్రహములు అనుకూలించినను ఊపిరితిత్తులు అనుకూలింపకపోవచ్చును. తనంతట నొప్పులు తెచ్చుకొని వచ్చిన శిశువు తన ముహూర్తమును తానే పెట్టుకొన్నదని తాతగారు సంతోషించిన, సంప్రదాయమునకును లోటు లేదు, వైద్యమునకును విరోధము లేదు.

రెండవది భయము. నొప్పుల భయముతోనే పలువురు స్త్రీలు శస్త్రచికిత్సను కోరుచున్నారు. వారిని పిరికివారని నిందించుట తగదు. ప్రసవగదిలో ఒంటరిగా, కసురుకొను మాటల నడుమ, గంటల తరబడి పడియుండవలసివచ్చునని ఎరిగిన స్త్రీ భయపడక ఏమి చేయును? భయమునకు మందు ధైర్యవచనములు మాత్రమే కాదు, మర్యాదగల ప్రసవగది కూడ. తల్లియో, అక్కయో, భర్తయో ప్రక్కనుండుటకు అనుమతి కావలెను. లేచి నడచుటకు, నీరు త్రాగుటకు స్వేచ్ఛ కావలెను. 2017లో భారత ప్రభుత్వము ఆరంభించిన లక్ష్య కార్యక్రమము ప్రసవగదులను బాగుచేయుటకే ఏర్పడినది. 2018లో మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకములు వెలువడినవి. సహజ ప్రసవమును ఓర్పుతో నడిపించు శిక్షణ పొందిన నర్సులు ప్రతి ఆస్పత్రికి చేరినపుడే ఇవి సార్థకములగును. సహజ ప్రసవము మంచిదని బోధించుట సులభము. దానిని భరింపదగినదిగా చేయుట ఆస్పత్రుల బాధ్యత.

అడుగవలసిన మూడు ప్రశ్నలు

కాన్పునకు తేదీ నిర్ణయించుదమని ఎవరు చెప్పినను, గర్భిణియు ఆమె ఇంటివారును మూడు ప్రశ్నలు అడుగవచ్చును. అడుగుట అవినయము కాదు. మంచి వైద్యులు ఈ ప్రశ్నలను గౌరవింతురు.

మొదటిది: ఎందుకు? తల్లికో బిడ్డకో ఏ ప్రమాదమును తప్పించుటకు ఇది చేయబడుచున్నదో స్పష్టమైన సమాధానము రావలెను. వచ్చినపుడు సందేహింపక అంగీకరింపవలెను. శుభదినము, సెలవు, సౌకర్యము అనునవి సమాధానములు కావు.

రెండవది: ఎన్నవ వారము? ఈ లెక్క నిశ్చయముగా నుండవలెనన్న, గర్భము తెలిసిన తొలి నెలలలోనే పేరు నమోదు చేయించుకొని పరీక్షకు పోవలెను. 2016 నుండి ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుపు ఏర్పాటు కలదు. ఆ నాడు వ్రాయించుకొన్న కాగితము తొమ్మిదవ నెలలో శిశువు పక్షమున సాక్ష్యము చెప్పును.

మూడవది: ఎవరి పర్యవేక్షణలో? నొప్పులు తెప్పించు మందు ఇచ్చినచోట శిశువు గుండెను కనిపెట్టువారు ఉండవలెను. నొప్పులను లెక్కించువారు ఉండవలెను. అవసరమైన వెంటనే శస్త్రచికిత్స చేయుటకు ఏర్పాటు ఉండవలెను. ఈ మూడును లేనిచోట ఆ సూది వేయనీయరాదు.

ఈ మూడు ప్రశ్నలకు సరియైన సమాధానములు లభించిన పిదప నొప్పులు తెప్పించుకొన్న తల్లి తాను బిడ్డకు ఏదో లోపము చేసితినని చింతింపవలసిన పనిలేదు. ఆమె బిడ్డయు నొప్పులలో తన హార్మోనులను తాను స్రవించుకొనును. తన ఊపిరితిత్తులను తాను సిద్ధపరచుకొనును. అవసరమై శస్త్రచికిత్సతో పుట్టిన బిడ్డకును తల్లి రొమ్ము వెచ్చదనము, తొలిపాలు, వైద్యుల శ్రద్ధ తోడగును. ఇచట తప్పు పట్టబడునది తల్లి కాదు. కారణము లేని తొందర.

గర్భస్థ శిశువునకు నోరు లేదు. ఇంటిలో జరుగు ఆలోచనలో దానికి పీట లేదు. అయినను తొమ్మిది నెలలు తన పనిని తాను ఎవరి ఆజ్ఞయు లేక చేసికొనుచు వచ్చినది. కన్నులను, వ్రేళ్లను, గుండెను ఏ ముహూర్తమును అడుగక నిర్మించుకొన్నది. మిగిలిన కొద్ది దినముల పనిని ముగించుటకు దానికి వ్యవధి నీయవలెను. ఆ వ్యవధి దానికి ఆపద యైనపుడు చేయి అందించి తీసికొనవలెను. ఈ రెండింటి భేదమును తెలిసి నడచుకొన్న కుటుంబములో, కాన్పుగది వెలుపల నిలిచినవారికి తొలుత వినవచ్చునది శిశువు బిగ్గరగా ఏడ్చు ఏడుపు. నిండిన ఊపిరితిత్తులు గలవారికే ఆ ఏడుపు సాధ్యము.